వైజాగ్ బీచ్‌లో ఒక రోజు: ఎండని బట్టి వేసుకోవాల్సిన ప్లాను

వైజాగ్‌లో ఒక్కరోజు బీచ్ చూసి వెళ్దామనుకునే కుటుంబాలు మామూలుగా తొమ్మిదిన్నరకి టిఫిన్లు కానిచ్చి, పదకొండింటికి ఆర్కే బీచ్‌లో దిగుతాయి. ఇసుక అప్పటికే కాలుతుంటుంది. పిల్లలు చెప్పులు విడవరు, పెద్దవాళ్ళు నీడ కోసం వెతుక్కుంటారు. పన్నెండు కొట్టేసరికి ఒకరికి తలనొప్పి, ఒకరికి ఆకలి, ఇంకొకరికి అర్జెంటుగా బాత్రూమ్. తీరా సాయంత్రం ఐదింటికి, బీచ్ అసలు బాగుండే వేళకి, అందరూ సొమ్మసిల్లి రైల్వే స్టేషన్‌లో కూర్చుని ఉంటారు.

మన సముద్రం తూర్పున ఉంది. ప్లానంతా ఈ ఒక్క ముక్క మీదే నడుస్తుంది. సూర్యుడు నీళ్ళలోంచి లేస్తాడు, ఊరి వెనక కొండల్లోకి దిగిపోతాడు. పొద్దున్న ఎండ సూటిగా మొహం మీద కొడుతుంది. నాలుగు దాటాక సూర్యుడు వెనక్కి వెళ్ళి, బీచ్ రోడ్డు మేడల నీడ మెల్లగా ఇసుక మీదికి జరుగుతుంది. ఫొటోలకీ అదే లెక్క. పొద్దున్న సముద్రాన్ని వెనక పెట్టి తీస్తే మొహాలు నల్లగా పడతాయి, సాయంత్రం అదే చోట తీస్తే వెలుతురు మొహం మీద, నీలం వెనక. సముద్రంలో సూర్యాస్తమయం చూద్దామని వచ్చేవాళ్ళకి మాత్రం గోవా వెళ్ళమని చెప్పడమే మర్యాద.

జూన్‌లో ఇక్కడ 5.20 ప్రాంతానికే సూర్యోదయం, సాయంత్రం 6.30 దాకా వెలుతురు. డిసెంబర్ చివర్లో 6.20కి గానీ తెల్లారదు, ఐదున్నరకే పొద్దుగూకుతుంది. చలికాలంలో వచ్చేవాళ్ళు "సాయంత్రం ఆరింటికి కైలాసగిరి కొండ దిగి బీచ్‌కి వెళ్దాం" అనుకుంటే చీకట్లో దిగుతారు.

కాబట్టి వరస ఇది: పొద్దున్న నీళ్ళు, మధ్యాహ్నం కప్పు కింద, సాయంత్రం కొండ గానీ ఇసుక గానీ. దీన్ని తిరగేస్తే ఎంత డబ్బు పెట్టినా రోజు బాగుపడదు.

ఏది ఎక్కడుంది

ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డు సుమారు పాతిక కిలోమీటర్లు. దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్తుంటే ముందు ఆర్కే బీచ్, అక్కడే కాళీమాత గుడి, జలాంతర్గామి మ్యూజియం, రోడ్డుకి అవతల విమానం మ్యూజియం. తర్వాత వుడా పార్కు, అప్పూఘర్, కైలాసగిరి, తెన్నేటి పార్కు, రుషికొండ, తొట్లకొండ, చివరికి భీమిలి. వుడా అంటే ఊరి అభివృద్ధి సంస్థ, అది 2018లో వీఎంఆర్డీఏ అయింది, బోర్డులు మారాయి, ఆటోవాళ్ళకి మాత్రం అది వుడా పార్కే. అప్పూఘర్ అన్న పేరు చూసి అక్కడేదో ఆటల పార్కు ఉందనుకునేరు. పార్కు పోయి పేరు మిగిలింది, అదిప్పుడు ఒక బస్టాపు.

పిల్లలు, ముసలివాళ్ళు ఉన్న కుటుంబానికి ఒక రోజులో మూడు చోట్లకి మించి పట్టవు. రుషికొండ, జలాంతర్గామి, కైలాసగిరి. లేదా రుషికొండ, జలాంతర్గామి, ఆర్కే బీచ్ సాయంత్రం. జూ పార్కు, తొట్లకొండ, భీమిలి కూడా ఇందులోనే ఇరికిస్తే కారులో కూర్చున్న సమయమే ఎక్కువవుతుంది. సోమవారం మాత్రం పెట్టుకోవద్దు, జలాంతర్గామికీ జూకీ ఆ రోజు సెలవు.

సొంత బండి లేనివాళ్ళకి రైల్వే స్టేషన్ నుంచి 900కె బస్సు రుషికొండ మీదుగా భీమిలి వెళ్తుంది. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి కైలాసగిరికి 10కె ఉంది. ఐదుగురు దాటితే బస్సు కంటే రోజంతటికీ ఒక బండి మాట్లాడుకోవడమే నయం. తడి బట్టలు, క్యారేజీలు, నిద్రపోయే పిల్లలు, ఇవన్నీ పెట్టుకోవడానికి ఒక చోటుండాలి కదా.

ముందు రోజు రాత్రి

తిండి ఇంటి నుంచే తీసుకెళ్ళడం మంచిది, అయితే ఏం తీసుకెళ్ళాలన్నది తెలియాలి. ఇడ్లీ, కొబ్బరి చట్నీ వద్దు. ఉక్కపోతలో కొబ్బరి చట్నీ పది గంటలకే పులుస్తుంది. చింతపండు పులిహోర సాయంత్రం దాకా నిలుస్తుంది, నువ్వుల నూనె కాస్త ఎక్కువ పడితే ఇంకా మంచిది. నలుగురు పెద్దలు, ఇద్దరు పిల్లలకి 400 గ్రాముల బియ్యం పులిహోర, 300 గ్రాముల బియ్యం దద్దోజనం సరిపోతాయి.

దద్దోజనం దగ్గరే అందరూ పొరబడతారు. పొద్దున్న పెరుగు కలిపి మూత పెడితే మధ్యాహ్నానికి పుల్లబడి నోట పెట్టలేం. మెత్తగా వండిన అన్నాన్ని గోరువెచ్చగా ఉండగానే ముప్పావు లీటరు కాచిన పాలతో మెదిపి, రెండే చెంచాల పెరుగు వేసి కలపాలి. అప్పటికి గంజిలా పల్చగా కనిపించాలి. గట్టిగా కనిపించిందంటే పాలు చాల్లేదన్నమాట. ఉప్పు, అల్లం, కరివేపాకు తాలింపు వేసి పొద్దున్న ఐదింటికి డబ్బాలో పోసేస్తే దారిలో అదే తోడుకుంటుంది. పన్నెండుకి మూత తీస్తే అప్పుడే కలిపినట్టు ఉంటుంది. పాలు మరీ వేడిగా ఉన్నప్పుడు తోడేస్తే విరుగుతుంది, వేలు పెట్టి ఓర్చుకోగలిగేంత ఉంటే చాలు.

ఇసుక దగ్గర తినడానికి తడి వస్తువులు పనికిరావు. గాలికి లేచిన ఇసుక అంతా చట్నీలోనే పడుతుంది. జంతికలు, చేగోడీలు, సున్నుండలు, అరటిపళ్ళు చాలు. దద్దోజనం డబ్బా మాత్రం గోడ చాటున తెరవాలి.

మంచినీళ్ళు మనిషికి రెండు లీటర్లు తాగడానికే. ఇది కాకుండా సముద్రంలోంచి వచ్చాక ఒంటిమీద ఉప్పు కడుక్కోవడానికి మనిషికి మూడు నాలుగు లీటర్లు, ఒక చిన్న మగ్గు. ఒక ఇరవై లీటర్ల క్యాను డిక్కీలో పెట్టుకుంటే ఈ రెండో పని అయిపోతుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు రకాలు దొరుకుతాయి. 21 గ్రాములది లీటరు నీళ్ళకి, నాలుగు గ్రాముల చిల్లర గల చిన్నది 200 మిల్లీలీటర్లకి. పెద్ద ప్యాకెట్టు గ్లాసులో కలిపి పిల్లలకి పట్టించడం ప్రమాదం, ఉప్పు మరీ ఎక్కువైపోతుంది. ప్యాకెట్ మీద రాసిన నీళ్ళ లెక్క చదివే కలపండి.

బట్టల్లో ఒక సంగతి. పిల్లలకి నీలం, తెలుపు, ఆకుపచ్చ వెయ్యకండి, నీళ్ళలో ఆ రంగులు కలిసిపోయి మనిషి కనపడడు. నారింజ, ఎరుపు, ముదురు గులాబి వేస్తే వంద మందిలోనూ మీ పిల్లాడు ఎక్కడున్నాడో తెలుస్తుంది. జీన్స్ అసలొద్దు, తడిస్తే బరువెక్కుతాయి, రోజంతా ఆరవు.

పొద్దున్న: నీళ్ళు

స్నానానికి రుషికొండ, చూడటానికి ఆర్కే. ఈ తేడా తెలియకే చాలా ప్రాణాలు పోయాయి.

ఆర్కే బీచ్‌లో ఒడ్డు ఏటవాలు ఎక్కువ. తూర్పు తీరంలో ఇసుక ఏడాది పొడుగునా లెక్క చూస్తే దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతుంది. 1970ల్లో కట్టిన ఔటర్ హార్బర్ రాతి గోడలు ఆ ఇసుకని అడ్డుకున్నాయి. అవతల పేరుకుంటుంది, ఇవతల ఆర్కే బీచ్ కోసుకుపోతుంది. అందుకే పోర్టు వాళ్ళు తవ్విన ఇసుకని పైపుల్లో తెచ్చి ఇక్కడ పోస్తుంటారు. కోసుకుపోయే ఒడ్డు మెట్టులా తెగి ఉంటుంది. మోకాల్లోతు నీళ్ళలో ఉన్నామనుకుని ఇంకో అడుగు వేస్తే నడుము లోతు. అల కూడా దూరంగా విరగకుండా ఒడ్డు మీదే దబ్బున పడి, వెనక్కి పోతూ కాళ్ళ కింద ఇసుకని లాగేస్తుంది. పాదాలు తడుపుకోవడం కంటే ఎక్కువ అక్కడ వద్దు.

రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చింది, శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు అది. ఈత కొట్టే భాగాన్ని వేరు చేసి ఉంచుతారు, లైఫ్‌గార్డులుంటారు, బట్టలు మార్చుకునే గదులు, షవర్లు ఉన్నాయి. అయినా సముద్రం సముద్రమే, హద్దు దాటి అవతల దిగితే గుర్తింపు ఏమీ కాపాడదు.

నీళ్ళలోకి దిగే ముందు ఐదు నిమిషాలు గట్టు మీద నిలబడి చూడండి. అలలు వరసగా తెల్లగా విరుగుతుంటాయి. మధ్యలో ఒక చోట మాత్రం విరగవు, నీళ్ళు కాస్త ముదురు రంగులో, ప్రశాంతంగా, సన్నటి బాటలా కనిపిస్తాయి. "ఇక్కడ అలలు లేవు, పిల్లలకి ఇదే మంచిది" అనిపించే చోటు అదే. ఒడ్డుకి వచ్చిన నీళ్ళన్నీ తిరిగి లోపలికి పోయే దారి అది. అందులో దిగిన మనిషిని లోపలికి తీసుకుపోతుంది. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదకూడదు, ఎంత బలమున్నా అలసిపోతాం. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి, ఈత వస్తే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది ఆ బాటలోంచి బయటపడాలి. ఒడ్డున ఉన్నవాళ్ళు కాపాడదామని దూకడం ఇంకో మనిషిని పోగొట్టుకోవడమే. ఖాళీ నీళ్ళ క్యాను మూత బిగించి విసరండి, ఆ ఇరవై లీటర్ల క్యాను మనిషిని తేలుస్తుంది. లైఫ్‌గార్డుని పిలవండి. కోస్తా పోలీసుల నంబరు 1093, మామూలుగా 112, అంబులెన్స్‌కి 108.

రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. నిన్నటి వేళకంటే ఇవాళ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. అమావాస్య, పౌర్ణమి, వాటి తర్వాత ఒకటి రెండు రోజులు పోటు పెద్దది. ఇంట్లో క్యాలెండర్ చూస్తే తెలిసిపోతుంది. శివరాత్రి జాగారం మర్నాడు సముద్ర స్నానానికి ఆర్కే బీచ్ కిక్కిరిసిపోతుంది. అప్పుడు అమావాస్య కూడా దగ్గరే ఉంటుంది, అంటే జనమూ పెద్దదే, పోటూ పెద్దదే. పిల్లలతో ఆ రోజు వద్దు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. అక్టోబర్, నవంబర్ తుపాన్ల నెలలు, 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబర్ 12నే. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అన్ని విధాలా హాయి.

తొమ్మిదిన్నరకి నీళ్ళలోంచి బయటికి రావాలి. అప్పుడప్పుడే గాలి సముద్రం మీంచి మొదలై మధ్యాహ్నానికి జోరందుకుంటుంది, అలలూ పెరుగుతాయి. పిల్లలు ఏడుస్తారు, ఏడవనివ్వండి.

బోటు ఎక్కితే లైఫ్ జాకెట్ వేసుకోవడంతో సరిపోదు. బకిల్సన్నీ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడాలి. జాకెట్టు చెవుల దాకా లేస్తే అది వదులు, నీళ్ళలో పడ్డప్పుడు పిల్లాడు కిందికి జారిపోతాడు, జాకెట్టు ఒక్కటే తేలుతుంది. కాళ్ళ మధ్యనుంచి వచ్చే పట్టీ ఉన్నది అడగండి. పిల్లల సైజు లేదంటే బోటు మానుకోండి.

జెల్లీ ఫిష్ తగిలి మంట పుడితే మంచినీళ్ళు పోయకండి, ఇసుకతో రుద్దకండి, రెండింటికీ మంట పెరుగుతుంది. సముద్రపు నీళ్ళతోనే కడిగి, అంటుకున్న తీగల్ని కార్డు అంచుతో కాకుండా పట్టకారుతో ఏరి తీసేయాలి. ఊపిరాడకపోయినా, వాపు పాకుతున్నా ఆసుపత్రికే.

మధ్యాహ్నం: కప్పు కింద

పది నుంచి రెండు దాకా బయట ఏమీ పెట్టుకోకూడదు. బట్టలు మార్చుకుని తిని, గది ఉంటే గదిలో, లేకపోతే ఏదో ఒక ఫ్యాను కింద గంటసేపు పడుకోవాలి. పిల్లలు పడుకోకపోయినా పెద్దవాళ్ళు పడుకోవాలి.

రెండు తర్వాత జలాంతర్గామి. ఐఎన్ఎస్ కురుసుర 1969 డిసెంబర్‌లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 ఆగస్టు నుంచి ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉంది. 91 మీటర్ల పొడవు, లోపల నడిచే దారి మాత్రం ఒక్క మనిషి పట్టేంత. ఒక గది నుంచి ఇంకో గదికి పోవాలంటే గుండ్రటి ఇనప కన్నంలోంచి ఒక కాలు ముందు పెట్టి, తల వంచి దూరాలి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మలకీ, ఇరుకు చోట భయపడేవాళ్ళకీ ఇది పనికిరాదు, ముందే చెప్పండి. మొదలుపెట్టాక వెనక్కి తిరగడం కష్టం, వెనక జనం ఉంటారు. చంటిపిల్ల ఉంటే ఎత్తుకోవడం కంటే మూపుకి కట్టుకోవడం నయం, చేతులు రెండూ ఖాళీగా ఉండాలి. లోపల చల్లగానే ఉంటుంది. ముందు భాగంలో ఆరు టార్పెడో గొట్టాలు, వెనక నాలుగు. పిల్లల్ని వాటిని లెక్కపెట్టమనండి, పడుకునే బల్లలు ఎన్నో లెక్కపెట్టమనండి, డెబ్బైమందికి పైగా అందులో నెలల తరబడి ఉన్నారంటే నమ్మరు.

లోపలికి వెళ్ళలేని పెద్దవాళ్ళని రోడ్డుకి అవతల టీయూ-142 విమానం దగ్గర కూర్చోబెట్టొచ్చు. 1988 నుంచి 2017 దాకా సముద్రం మీద కాపలా తిరిగిన విమానం అది. రెక్క కింద నిలబడి ప్రొపెల్లర్లు చూడండి, ఒక్కో ఇంజనుకి రెండేసి, ఒకదాని వెనక ఒకటి, ఎదురెదురు దిక్కుల్లో తిరిగేవి. రెండు మ్యూజియాల టికెట్లు వేరు వేరు, వేళలు వారపు రోజులకీ ఆదివారానికీ ఒకేలా ఉండవు, బయల్దేరే ముందు చూసుకోండి.

సాయంత్రం: కొండా, రాట్నమా

కైలాసగిరి ఎక్కాలంటే మూడున్నరకే కదలాలి. రోప్‌వే గాలి ఎక్కువైతే ఆపేస్తారు. కాబట్టి పైకి రోప్‌వేలో, కిందికి బండిలో వచ్చేట్టు డ్రైవర్‌కి చెప్పి ఉంచితే గాలొచ్చినా ఇబ్బంది లేదు. పైకి వెళ్ళగానే ముందు టాయ్ ట్రైన్ టికెట్ కొనేయాలి, ఆ తర్వాతే శివపార్వతుల విగ్రహాలు. రివర్స్ చేస్తే ఐదింటికి రైలు క్యూలో నిలబడాల్సొస్తుంది. రైలు కొండ చుట్టూ తిరుగుతుంది, బయటి వైపు కిటికీ దగ్గర కూర్చున్నవాళ్ళకే సముద్రం.

కొండ వద్దనుకుంటే ఆర్కే బీచ్‌లో పిల్లల ఆటలు. ఇక్కడ కాస్త కళ్ళు పెట్టి చూడాలి. ఉప్పు గాలికి ఇనుముని తుప్పు తొందరగా తింటుంది, పైన రంగు కొత్తగా ఉన్నా లోపల పొడైపోయి ఉంటుంది. రంగుల రాట్నం ఎక్కించే ముందు సీటు కమ్మీకి తగిలే చోటా, వెల్డింగు అతుకుల దగ్గరా చూడండి. రంగు ఉబ్బి పొలుసులు లేస్తున్నా, గోధుమరంగు నీరు కారిన చారలున్నా వద్దు. ఒక రౌండు ఖాళీగా తిరిగేటప్పుడు చెవి పెట్టండి. కిర్రుమంటే గ్రీజు లేదు, అది చిన్న సంగతి. టక్, టక్ అని ఒకే చోట కొట్టుకుంటుంటే బోల్టు వదులైంది, అది చిన్న సంగతి కాదు. చున్నీలు, పైట కొంగులు, విరబోసుకున్న జుట్టు కట్టేయాల్సిందే.

గాలి నింపిన జంపింగ్ బొమ్మలు ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఎవరూ ప్రమాదమనుకోరు. నాలుగు మూలలా మేకులు గానీ ఇసుక బస్తాలు గానీ ఉండాలి. ఇసుకలో దిగేసిన పొట్టి మేకు గాలికి ఊడొస్తుంది. మీరు ఒక మూల పట్టి ఎత్తి చూడండి, చేతికి లేస్తే గాలికీ లేస్తుంది. పెద్ద పిల్లల్నీ మూడేళ్ళ వాళ్ళనీ కలిపి ఎక్కిస్తే చిన్నవాళ్ళ మీద పడతారు, విడివిడిగా పంపమని అడగండి.

తిన్న వెంటనే తిరిగే ఆటలొద్దు. ముందు రాట్నం, తర్వాత మురీ మిక్చర్. అది తినకుండా వైజాగ్ బీచ్ నుంచి వెళ్ళడం పాపం. మురీలు (మరమరాలు), ఉల్లిపాయ, టమాటా, పల్లీలు, కొత్తిమీర, నిమ్మకాయ, కారం, చేతిలో పెట్టిన మరుక్షణం తినాలి, రెండు నిమిషాలాగితే మెత్తబడుతుంది. పిల్లల వాటా కారం లేకుండా ముందు కలపమనాలి, అదే గిన్నెలో తర్వాత కలిపితే కారం తగులుతుంది. చేతిలో పది, ఇరవై నోట్లుంచుకోండి. ఆదివారం సాయంత్రం అంత జనంలో ఫోన్ నెట్‌వర్క్ మొరాయిస్తే ఫోన్‌పే తిరుగుతూనే ఉంటుంది.

పిల్లలు తప్పిపోయేదీ ఈ వేళలోనే. ముంజేతి మీద ఫోన్ నంబరు బాల్‌పెన్నుతో రాసి, దాని మీద ఆసుపత్రి ప్లాస్టర్ కాకుండా పారదర్శకమైన టేపు అంటిస్తే చెమటకి చెరగదు. కలుసుకునే చోటు పొద్దున్నే చూపించి ఉంచాలి. జలాంతర్గామి అంత పెద్దది ఇంకేముంది? "తప్పిపోతే ఆ నల్ల ఓడ దగ్గరికి వెళ్ళి నిలబడు, ఎక్కడికీ కదలకు" అని చెప్పండి. "నాన్న కోసం వెతుకు" అని చెప్పకండి, ఇద్దరూ వెతుక్కుంటూ తిరిగితే గంటైనా కలవరు.

బండి బీచ్ రోడ్డు మీద పెట్టకండి. ఆదివారం ఏడు దాటాక అది కదలదు. పాండురంగాపురం సందుల్లో పెట్టి నడిస్తే ఐదు నిమిషాలు, వచ్చేటప్పుడు అరగంట కలిసొస్తుంది.

బండెక్కే ముందు కాళ్ళకి అంటిన ఇసుకని నీళ్ళతో కడగొద్దు, తడి ఇసుక ఇంకా అంటుకుంటుంది. తువ్వాలుతో ఒత్తి ఆరనిచ్చి, పౌడరు చల్లి దులిపితే రాలిపోతుంది. సీట్ల మీద పాత దుప్పటి పరవండి. తడి బట్టల్ని ఇంటికెళ్ళగానే సబ్బులో నానబెట్టకండి, ఉప్పుకి నురగ రాదు, సబ్బంతా జిడ్డై బట్టకే పట్టుకుంటుంది. ముందు రెండుసార్లు ఉత్త నీళ్ళలో జాడించి, మూడోసారి సబ్బు పెట్టండి. జేబులు తిరగేయడం మర్చిపోకండి, పిల్లలు ఏరుకున్న గవ్వలు వాషింగ్ మెషీన్‌లో పడితే డ్రమ్ము గీరుకుపోతుంది.